టికెట్టు కొన్నాక లేవకూడదు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ‘సినిమా – సంసారం’ అనే అంశం మీద 1985 పదో తరగతి బ్యాచికి చెందిన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు నెల్లాళ్ళ క్రితం ఫోన్ చేసి, “మీరు కరెంటు ఇంజనీరు కదా, విద్యుత్ ఆదా గురించి ఓ పావుగంట మాట్లాడండి” అన్నారు. నేను ఆదా గురించి మాట్లాడటం మొదలుపెడితే మీరంతా ఫ్యాన్లు కట్టేసి ఇళ్ళకు వెళ్ళిపోతారని చెప్పాను. “మరి మీకింకేం తెలుసు?” అని అడిగారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి సబ్‌స్టేషన్లు, రెండు సినిమాలు. మొదటిదాని వల్ల నెలనెలా జీతం వచ్చింది. రెండోదాని వల్ల వచ్చిన జీతంలో కొంత పోయింది. అందుకని రెండోదాని గురించే చెబుతాను.

ముందు వరసలో కుడిపక్క రెండో కుర్చీలో మా నాన్నగారు కూర్చున్నారు. ఎనభై నాలుగేళ్ళు. నన్ను మైకు దగ్గరికి పిలవగానే ఆయన చెవి మిషను తీసి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. కాబట్టి ఆయన గురించి ధైర్యంగా మాట్లాడొచ్చు.

మనది తెనాలి. ఈ ఊళ్ళో పుట్టినవాడికి సినిమా పిచ్చి పట్టడానికి వేరే కారణం అక్కర్లేదు. సైకిలెక్కి ఒకవైపు తొక్కితే బుర్రిపాలెం, కృష్ణగారి ఊరు. ఇంకోవైపు వెళ్తే రావికంపాడు, గుమ్మడిగారి ఊరు. జగ్గయ్యగారిది మోరంపూడి. ఇంకాస్త ఓపిక చేసుకుంటే చిర్రావూరు, సావిత్రిగారు పుట్టిన ఊరు. నలుదిక్కులా నటులుంటే మధ్యలో మేమంతా ప్రేక్షకులుగా మిగిలిపోయాం. ఎవరో ఒకరు చూడాలి కదా!

అయితే మా ఇంట్లో సినిమాకి చట్టాలుండేవి. మా నాన్నగారు తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన దగ్గర అన్నింటికీ ఒక రూలుండేది. మొదటి రూలు, ఏడాదికి రెండే సినిమాలు. సంక్రాంతికొకటి, వార్షిక పరీక్షలయ్యాక ఒకటి. రెండో రూలు, టికెట్టు కొన్నాక శుభం పడేదాకా లేవకూడదు. బాగున్నా సరే, బాగాలేకపోయినా సరే. డబ్బు కట్టాం కాబట్టి మొత్తం చూసే రావాలి.

ఒకసారి ఒక సినిమాకి వెళ్ళాం. పేరు చెప్పను, తీసినవాళ్ళు నొచ్చుకుంటారు. ఇంటర్వెల్‌కి సగం హాలు ఖాళీ అయింది. ఆ తర్వాత మిగతా సగం కూడా వెళ్ళిపోయింది. మా ఐదుగురం మాత్రం ఒక బెంచీ మీద వరసగా కూర్చున్నాం. గేటు దగ్గరుండే మనిషి వచ్చి నాన్నగారి చెవిలో, “అయ్యా, మీరు లేస్తే మేం కూడా కట్టేసుకుని ఇళ్ళకెళ్ళిపోతాం” అని బతిమాలాడు. “ఎన్ని రీళ్ళున్నాయి ఇంకా?” అని అడిగారు మా నాన్నగారు. “నాలుగండీ” అన్నాడతను. “అయితే ఆడించు” అన్నారు.

ఆ రెండు సినిమాల కోటా దాటి ఆయన తనంతట తాను తీసుకెళ్ళింది ఒకే ఒక్కసారి, 1980లో, ‘శంకరాభరణం’కి. ఆ సినిమా సంగీతం గురించి, విశ్వనాథ్‌గారి గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు. మా నాన్నగారిని కదిలించింది అది కాదు. అందులో శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరని ఆఫీసులో ఎవరో చెప్పారు. రెవెన్యూ డిపార్టుమెంటు మనిషి, అందులోనూ పై అధికారి, తెర మీద కనిపిస్తుంటే చూడకపోతే ఎలా? సినిమా జరిగినంతసేపూ ఆయన వెన్ను వాల్చకుండా కూర్చున్నారు. ఆఫీసరు ఎదురుగా ఉన్నారు మరి.

నేను మాత్రం ఏడాదికి రెండింటితో సరిపెట్టుకోలేకపోయాను. 1983లో ‘ఖైదీ’ వచ్చింది. నేను తొమ్మిదో తరగతి. జ్వరమని లీవ్ లెటర్ రాసి, నాన్నగారి సంతకం నేనే పెట్టి, మ్యాట్నీకి వెళ్ళాను. ఆ రోజుల్లో మన ఊళ్ళో హాలు బయట లౌడ్‌స్పీకర్లో ఘంటసాలగారి ‘నమో వెంకటేశా’ రికార్డు వేశారంటే ఆట మొదలవబోతోందని లెక్క. ఆ పాట సగంలో ఉండగా ఆయాసపడుతూ పరిగెత్తిన కాళ్ళు ఈ హాల్లో చాలా ఉన్నాయి. నవ్వుతున్నారంటే అవి మీవే.

ఇంటర్వెల్‌లో గోళీసోడా బండి దగ్గర నిలబడి సోడా ఎత్తాను. దించేసరికి ఎదురుగా మన లెక్కల మాస్టారు. ఆయన చేతిలోనూ సోడా ఉంది. ఆ రోజు బళ్ళో ఆయన కూడా రాలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. “జ్వరం తగ్గిందా?” అన్నారు. “తగ్గిందండి, మీకో?” అన్నాను. ఇద్దరం మిగతా సోడా తాగేసి ఎవరి సీట్లలోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

మర్నాడు క్లాసులో నన్ను లేపి బోర్డు మీద ఒక లెక్క వేశారు. ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలుంటాయి. తెర మీద సెకనుకి 24 బొమ్మలు పడతాయి. వెయ్యి అడుగుల రీలు ఎంతసేపు ఆడుతుంది? నేను చేశాను. 11 నిమిషాల 7 సెకన్లు, కాస్త అటూ ఇటూ. “కూర్చో, జ్వరం పూర్తిగా తగ్గింది” అన్నారు. ఆ మాస్టారు ఇప్పుడు లేరు. దామాషా లెక్కలు నాకు ఆ రోజు వచ్చాయి, ఇంకా పోలేదు. నేను ఇంజనీరునవడానికి ‘ఖైదీ’ కూడా కొంత కారణమని మా నాన్నగారికి ఇప్పటికీ తెలియదు.

ఆ 11 నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత దానితో పనుంది.

ఉద్యోగం వచ్చింది. 1996లో పెళ్ళయింది. మా ఆవిడతో కలిసి చూసిన మొదటి సినిమా ‘పెళ్ళిసందడి’. పాటల్లో రాఘవేంద్రరావుగారి పళ్ళూ పూలూ చూసి నేను మైమరచిపోతుంటే ఆవిడ నా చెవిలో, “ఈ పళ్ళన్నీ తర్వాత ఎవరు తింటారండీ?” అని అడిగింది. సంసారం ఎవరి చేతుల్లో పెట్టొచ్చో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

1997లో మాకు అమ్మాయి పుట్టింది. శశిరేఖ అని పేరు పెడదామన్నాను. ‘మాయాబజార్’ ఎన్నిసార్లు చూశానో నాకే లెక్కలేదు. ఆవిడ ఒప్పుకోలేదు. “తర్వాత అబ్బాయి పుడితే ఘటోత్కచుడని పెడతానంటారు” అంది. అది నిజంగానే నా మనసులో ఉంది. అందుకని బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద వాళ్ళకు నచ్చిన పేరు రాశాక, నేను పక్కనే చిన్నగా శశిరేఖ అని రాసి చెరిపేశాను.

ఇక నాన్న వేషం ఎలా వెయ్యాలి? మనకి ట్రైనింగ్ ఎవరిచ్చారు? సినిమాలే ఇచ్చాయి. నాగయ్యగారి నాన్న ఒక రకం, బిడ్డ తప్పు చేస్తే తాను ఏడుస్తాడు. ఎస్వీ రంగారావుగారి నాన్న ఇంకో రకం, గుమ్మంలోకి వచ్చి నిలబడితే చాలు, ఇల్లంతా సర్దుకుంటుంది. గుమ్మడిగారి నాన్న గుండె పట్టుకుంటాడు. ఆయనది చిత్రమైన కథ. ‘మాయాబజార్’లో బలరాముడు వేసేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. తనకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన రామారావుగారికి అన్నగారిగా, సావిత్రిగారికి తండ్రిగా వేశారు. అంతకు ముందు 1955లో ‘అర్ధాంగి’లో తనకంటే పెద్దవాడైన నాగేశ్వరరావుగారికి తండ్రి కూడా అయ్యారు. వయసు రాకుండానే పెద్దరికం మీద పడటం అంటే అదీ.

నేను మూడూ ప్రయత్నించాను. గుమ్మంలో నిలబడితే, “నాన్నా, టీవీకి అడ్డం” అన్నారు పిల్లలు. మా వాడి ప్రోగ్రెస్ కార్డు చూసి గుమ్మడిగారిలా గుండె పట్టుకుంటే మా ఆవిడ వాము, ఉప్పు తెచ్చి చేతిలో పెట్టింది. పొద్దున తిన్న మినపట్టు అరగలేదనుకుంది.

అప్పుడు నేనొక నిర్ణయానికొచ్చాను. మా నాన్నగారిలా ఉండకూడదు, నా పిల్లలకి సినిమా కరువు రాకూడదు అని. ప్రతి శుక్రవారం కాకపోయినా ప్రతి ఆదివారం సినిమా. వస్తామంటే సంతోషం, రామంటే మరీ మంచిది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి. మా అమ్మాయికి పుస్తకాలిష్టం. హాల్లో ఇంటర్వెల్ లైటు వెలుతురులో కథల పుస్తకం చదివేది. నేను లాక్కునేవాణ్ణి. “పుస్తకమేంటమ్మా, సినిమాకొచ్చి!” మా నాన్నగారు క్లాసు పుస్తకంలో దాచుకున్న పాటల పుస్తకం నా దగ్గర లాక్కున్నట్టే. అప్పుడు నాకది తట్టలేదు. ఆయన సినిమా చూస్తే కొట్టారు, నేను చూడకపోతే తిట్టాను. తేడా అంతే.

మల్టీప్లెక్సులు వచ్చాక ఇంకో అవతారం ఎత్తాను. టికెట్లు బుక్ చెయ్యడానికి చెయ్యి ఆగదు, పాప్‌కార్న్ ధర చూస్తే చెయ్యి ఆడదు. ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావుగారు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తింటారు చూడండి, అలా పక్కసీటు వాళ్ళ పాప్‌కార్న్ వాసన పీల్చుకుని ఇంటికెళ్ళి అన్నం తిందాం అన్నాను. ఆ వారమంతా మా ఇంట్లో నన్ను లక్ష్మీపతిగారూ అని పిలిచారు.

2006లో ‘బొమ్మరిల్లు’ వచ్చింది. మూడుసార్లు చూశాను. పిల్లల కోసం అన్నీ తానే నిర్ణయించే తండ్రి, ప్రకాష్‌రాజ్. చివర్లో కొడుకు సిద్ధార్థ్ ఆయన ముందు నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. మూడుసార్లూ నేను చప్పట్లు కొట్టాను. ముప్పై ఆరేళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, కొడుకు పక్షాన కూర్చుని చప్పట్లు కొట్టాను. నాకు ఎదురుగా తెర మీద మా నాన్నగారే కనిపించారు మరి.

తర్వాత 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చింది. గుమ్మడిగారు కన్నుమూసింది కూడా ఆ జనవరిలోనే. మా నాన్నగారిని విజయవాడ తీసుకెళ్ళి చూపించాను. ఆయనకప్పుడు డెబ్భైకి దగ్గర. లైట్లు ఆరగానే ముందుకు వంగి కూర్చున్నారు. ఘటోత్కచుడు రావడానికి ముందే పెదవులు కదులుతున్నాయి. మాటలన్నీ ఆయనకు నోటికొచ్చు! నేను తెర చూడటం మానేసి ఆయన్ని చూశాను.

ఇంటర్వెల్‌లో నిలదీశాను. అప్పుడు చెప్పారు. 1957లో వాళ్ళు కొల్లిపరలో ఉండేవాళ్ళు. ఆయనకు పదహారేళ్ళు. బడి ఎగ్గొట్టి, కొల్లిపర నుంచి తెనాలికి నడిచొచ్చి ‘మాయాబజార్’ చూశారట. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారి మా తాతగారికి దొరికిపోయారు. మునగ కొమ్మ విరిగిందాకా కొట్టారట.

“మరి నన్నెందుకు కొట్టారు నాన్నా?” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “మా నాన్న అంతలా కొట్టాడంటే అది పెద్ద తప్పే అయ్యుంటుంది అనుకున్నాను రా” అన్నారు.

సెకండాఫ్‌లో ఆయన ఇంకో మాట అన్నారు. అసలు శశిరేఖని ఘటోత్కచుడు తీసుకెళ్ళిపోతాడు కదా, ఇంట్లో మాయాశశిరేఖ తిరుగుతుంటుంది. సావిత్రిగారు ఆడపిల్ల నడకలోంచి రాక్షసుడి నడకలోకి మారిపోతుంటే హాలంతా నవ్వుతోంది. మా నాన్నగారు మాత్రం, “ఈ బలరాముణ్ణి చూడరా, ఎదురుగా తిరిగేది తన కూతురు కాదని తండ్రికి తెలియలేదు” అన్నారు. నేను కూడా నవ్వేసి ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా ఆవిడ అనుమతి, మా అమ్మాయి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

2013లో మా అమ్మాయి పదో తరగతి పాసైంది. మంచి మార్కులు. మేమప్పుడు ఒంగోల్లో ఉన్నాం. చరిత్ర చదువుతానంది. చరిత్ర చదివి ఏం చేస్తావమ్మా అన్నాను. ఎంపీసీలో చేర్పించి, ఒక రెసిడెన్షియల్ కాలేజీలో, హాస్టల్లో పెట్టాను. అందరు తండ్రులూ అదే చేస్తున్నారు, నేనూ చేశాను. సంవత్సరం ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఉందన్నారు. కట్టేశాను.

ఆదివారం ఆదివారం వార్డెన్ గది ముందున్న ఫోను నుంచి పది నిమిషాలు మాట్లాడనిచ్చేవాళ్ళు. వెనకాల క్యూ. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె ఉంటుంది, తెరిస్తే ప్రియమైన మనిషి కళ్ళెదుట కనిపిస్తారు. ఈ ఫోనులో గొంతు మాత్రమే. ఆ పది నిమిషాల్లో నేనేం చేసేవాణ్ణో తెలుసా? ఆ వారం చూసిన సినిమా కథ చెప్పేవాణ్ణి. పాపం పిల్లకి సినిమాల్లేవు కదా అని. ‘అత్తారింటికి దారేది’ రెండు ఆదివారాలు పట్టింది. ఇంటర్వెల్ దగ్గర ఆపి, “మిగతాది వచ్చే వారం” అన్నాను. “ఎలా ఉన్నావమ్మా?” అని మొదట్లో ఒకసారి అడిగేవాణ్ణి. “బాగున్నా నాన్నా” అనేది. బాగుంది కదా అని కథలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

డిసెంబరులో ఒక ఆదివారం తను అంది, “నాన్నా, ఈ వారం కథ నేను చెప్తా.” నాకు పట్టలేని సంతోషం. చెప్పమన్నాను.

“ఒకమ్మాయి ఉంటుంది నాన్నా. రోజూ నాలుగున్నరకి లేపుతారు. రాత్రి పదకొండు దాకా చదువు. వారం వారం మార్కులు చూసి సెక్షన్లు మారుస్తారు. ఆ అమ్మాయి కింద సెక్షన్లోకి, ఆ తర్వాత ఇంకా కింద సెక్షన్లోకి వెళ్తుంది. తనతో మాట్లాడే అమ్మాయి ఒక్కతే ఉంటుంది. దసరా సెలవులకని వెళ్ళి ఆ పిల్ల మళ్ళీ రాదు. ఇప్పుడు ఈ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడదు. అన్నం దగ్గరికి కూడా అందరూ వెళ్ళాక వెళ్తుంది.”

“ఊఁ, తర్వాత?” అన్నాను.

“తర్వాతేం లేదు నాన్నా. రోజూ ఇదే.”

“కథలో మలుపు లేదమ్మా. ఫస్టాఫ్ బాగా సాగింది. ఒక కామెడీ ట్రాక్ పెట్టాలి. ఇంతకీ హీరో ఎప్పుడొస్తాడు?”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “హీరో లేడు నాన్నా. ఎవరూ రారు” అంది. టైమైపోయింది, పెట్టేసింది.

నేను నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ వంకాయలు తరుగుతోంది. “నీ కూతురు ఆర్ట్ సినిమా డైరెక్టరయ్యేట్టుంది” అని కథంతా చెప్పాను. ఆవిడ కత్తిపీట ముందు నుంచి కదల్లేదు. తల మాత్రం ఎత్తి, “ఆ అమ్మాయి ఎవరండీ?” అంది.

“ఏ అమ్మాయి?”

“కథలో అమ్మాయి.”

అయ్యా, యాభై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నాను. ఇంటర్వెల్ బ్యాంగులు ఎన్నో చూశాను. నా కాళ్ళలో సత్తువ పోయింది మాత్రం ఆ ఒక్కసారే. పక్కసీట్లో ఎవరైనా తుమ్మితే ‘ఇతను సెకండాఫ్‌లో పోతాడు’ అని చెప్పగలిగినవాణ్ణి. నా బిడ్డ తన కథ నాకు చెబితే, స్క్రీన్‌ప్లేలో లోపాలు వెతికాను. ఆరు నెలలుగా ఫోనులో ‘బాగున్నా నాన్నా’ అన్నది మాయాశశిరేఖ. బలరాముడికి తెలియలేదు.

ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. తెల్లారుజామున దొరికిన రైలెక్కి వెళ్ళాను. కాలేజీలో, “మొదట్లో అందరూ ఇలాగే అంటారు సార్, మార్చి దాకా ఓపిక పట్టండి” అన్నారు. తీసుకెళ్తానన్నాను. “మీ ఇష్టం. కట్టిన ఫీజు తిరిగి రాదు” అన్నారు. అమ్మాయిని పిలిపించారు. నన్ను చూసి పరిగెత్తుకు రాలేదు, ఏడవలేదు. దూరంగా నిలబడి, “ఊరికే వచ్చావా నాన్నా?” అని అడిగింది. బాగా చిక్కిపోయింది. తలకి నూనె లేదు.

నేను గేటు బయటికొచ్చి మా నాన్నగారికి ఫోన్ చేశాను. నలభై మూడేళ్ళవాణ్ణి, నాకూ అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. విషయం చెప్పాను.

“ఎంత కట్టావు?” అన్నారు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తాలూకాఫీసు గుమాస్తా గుండె అది, పైసా పైసా లెక్కేసుకుంది. చివరికి, “పోతే పోయిందిరా. పిల్లని తీసుకుని లేచి వచ్చెయ్” అన్నారు.

“టికెట్టు కొన్నాక లేవకూడదన్నారుగా నాన్నా?”

“అది సినిమాకిరా, వెధవా” అన్నారు.

తెనాలిలో దిగాం. మా అమ్మ పిల్లకి తలంటింది. ఆ పిల్ల మధ్యాహ్నం పడుకుని మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. మా నాన్నగారు గది బయట కుర్చీ వేసుక్కూర్చుని, వీధిలో పాలవాణ్ణి సైకిల్ బెల్లు కొట్టొద్దన్నారు. నేనెప్పుడైనా ఎనిమిది దాకా పడుకుంటే మొహాన నీళ్ళు చల్లిన మనిషి!

మూడో రోజున ఒంగోలు రైల్లో నేను తనకి సారీ చెప్పాను. తను కిటికీలోంచి చూస్తూ, “నాన్నా, నీకు తెలుసా, నువ్వు బొమ్మరిల్లు నాన్నవి” అంది.

“నేనా? నేను సిద్ధార్థ్ అనుకున్నానే!”

“ప్రకాష్‌రాజ్ కూడా అదే అనుకుంటాడు” అంది. ఆరు నెలల తర్వాత తను నవ్వడం అప్పుడే చూశాను.

ఇక్కడ ఆ 11 నిమిషాల లెక్క కావాలి. సినిమాలో తండ్రి మారడానికి ఆఖరి రీలు చాలు. కొడుకు నాలుగు మాటలంటాడు, తండ్రి కళ్ళు తుడుచుకుంటాడు, శుభం. నాకు రెండేళ్ళు పట్టింది. తనను ఒంగోల్లోనే ఒక మామూలు కాలేజీలో చేర్చాను. ఇంటర్లో మార్కులు అంతంతమాత్రం. నేను నోరు తెరిచి ఏదో అనబోవడం, మా ఆవిడ చూడటం, నేను మింగెయ్యడం. డిగ్రీలో చరిత్ర తీసుకుంటానంది. పైకి “నీ ఇష్టమమ్మా” అన్నాను, లోపల గుమ్మడిగారిలా గుండె పట్టుకున్నాను. ఇప్పుడు తను ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెబుతోంది. మొన్న నాకు ఫోన్ చేసి, ‘మాయాబజార్’లో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరని ఎప్పుడైనా గమనించావా నాన్నా అని అడిగింది. తెలిసినా తెలియనట్టే, “అవునా!” అన్నాను.

మా వాడి సంగతి వేరు. వాడు ఫోనులో సినిమాని ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తాడు. సెకనుకి 24 బొమ్మలు చూడాల్సినవాడు 36 చూస్తున్నాడు. మూడు గంటల సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. మిగిలిన గంటలో ఏం చేస్తావురా అంటే, ఇంకో సినిమా సగం చూస్తానన్నాడు. నేను నోరెత్తలేదు. నాది ఖైదీ, మా నాన్నగారిది మాయాబజార్, వాడిది వాడి వేగం. మా వంశంలో మునగ కొమ్మ నాతో ఆగిపోవాలని గట్టిగా అనుకున్నాను.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఇంటర్ చదివే పిల్లలో, ఆ ఈడు మనవలో ఉండి ఉంటారు. మీకు నేను సలహా ఇవ్వదగినవాణ్ణి కాను. నాకు జరిగింది చెప్పానంతే. పిల్లలు ఎప్పుడైనా “మా ఫ్రెండు ఒకడున్నాడు” అనో, “ఒకమ్మాయి ఉంటుంది” అనో మొదలుపెడితే, చేతిలో పని కింద పెట్టండి. మలుపులు వెతక్కండి. ఆ అమ్మాయి ఎవరని అడగండి.

నేనిప్పుడు తప్పకుండా అడుగుతున్నాను. మరీ ఎక్కువ అడుగుతున్నానట. పోయిన సంక్రాంతికి మా అమ్మాయి వచ్చి ఏదో సినిమా చూసొచ్చి, “ఒకమ్మాయి ఉంటుంది నాన్నా” అని మొదలుపెట్టింది. నేను పేపరు మడిచి, టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, “ఆ అమ్మాయి ఎవరమ్మా?” అన్నాను. తను తల పట్టుకుని, “అయ్యో నాన్నా, ఇది నిజంగా సినిమా కథే!” అంది.

కథంతా విన్నాను. ఫస్టాఫ్ బాగా సాగింది. నేనేం అనలేదు.

అదిగో, మా నాన్నగారు చెవి మిషను తీసి మళ్ళీ పెట్టుకుంటున్నారు. అంటే ఇక చాలని అర్థం. భోజనాల టైము కూడా అయింది. టికెట్టు లేకుండా వచ్చి కూడా చివరిదాకా లేవకుండా కూర్చున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.